మల్కాజిగిరి స్లాబుతో మండపీతలకు ఇల్లు: ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 14

మల్కాజిగిరిలో తాతయ్య 1983లో కట్టించిన ఇల్లు ఈ వారంతో నేలమట్టమైంది. డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, ఐదంతస్తులు లేస్తాయట. శిథిలాలు ట్రాక్టరుకెత్తుతుంటే స్లాబు ముక్కలు కొన్ని పక్కన పెట్టించాను. బిల్డర్ మనిషి వింతగా చూశాడు. అమ్మ సెంటిమెంటు అనుకుని కళ్లు తుడుచుకుంది. కొంత అదీ ఉంది గానీ, అసలు కారణం మా బావగారు.

బావగారిది బాపట్ల అవతల, సూర్యలంక వైపు. రెండు రొయ్యల చెరువులు, ఒక మండపీతల చెరువు. దసరాకి వెళ్లినప్పుడు చెప్పారు: పీత పెంకు విడిచినప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, పక్కనున్న పీతలే దాన్ని తినేస్తాయి. దాక్కోవడానికి బొరియ లాంటిది దొరికితేనే బతుకుతుంది. అందుకని ఆయన చెరువులో పైపు ముక్కలు, పాత టైర్లు వేశారు. సముద్రంలోనూ అంతేనట. ఎప్పుడో మునిగిన పడవ ఉన్నచోట చేప ఉంటుందని వేటకెళ్లేవాళ్లందరికీ తెలుసు. ఆ రాత్రి ఫోన్లో మొదలుపెట్టి కృత్రిమ రీఫుల గురించి, అంటే చేపలు చేరేలా సముద్రం అడుగున మనుషులు కట్టే దిబ్బల గురించి, తెల్లారేదాకా చదివాను. నేను స్ట్రక్చరల్ డ్రాఫ్ట్స్‌మన్‌ని, కాంక్రీటు నాకు తెలిసిన వస్తువు. సముద్రం మాత్రం సెలవులకి చూసొచ్చేదే.

ప్లాను ఇది. ఇంటి శిథిలాలతో బోలు దిమ్మలు పోసి, ముందు బావగారి చెరువులో వేసి చూడాలి. అనుమతులన్నీ వస్తే ఎప్పటికైనా సముద్రంలో.

డిసెంబర్ 27

టైర్లు వద్దు. ఇది తేల్చుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలింది. 1970ల మొదట్లో అమెరికాలో ఫ్లోరిడా దగ్గర ఆస్బోర్న్ రీఫ్ పేరుతో ఇరవై లక్షల టైర్లను కట్టలుగా కట్టి సముద్రంలో దింపారు. అటు చెత్తా వదులుతుంది, ఇటు చేపకి ఇల్లూ దొరుకుతుందనుకున్నారు. కట్లు ఉప్పునీటికి తుప్పుపట్టి తెగాయి. టైర్లు తుఫాన్లకి దొర్లుకుంటూ పోయి పక్కనున్న అసలు పగడపు దిబ్బల్ని గుద్దాయి. దశాబ్దాల తర్వాత కూడా డైవర్లు వాటిని ఏరుతూనే ఉన్నారు. పైగా టైరు రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలి తగిలి ఇంకో పదార్థంగా మారుతుందనీ, అది కోహో సాల్మన్ చేపల్ని చంపుతుందనీ 2020లో తేలింది.

బావగారికి ఫోన్ చేసి చెరువులోంచి టైర్లు తీసేయమన్నాను.

"నీ చదువుకో దండం బామ్మర్దీ. టైరు తీసేస్తే పీతల్ని తెచ్చి మీ హైదరాబాద్ ఫ్లాట్‌లో పెట్టుకుంటావా?"

జూన్‌కల్లా వేరే ఏర్పాటు చేస్తానని మాటిచ్చేశాను. ఇచ్చాక టెన్షన్ మొదలైంది.

జనవరి 9

శిథిలమంటే అంతా ఒకటే అనుకున్నాను. కాదు. ఇటుక ముక్క నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, అది తీసెయ్యాలి. ప్లాస్టరింగ్ మీద నలభయ్యేళ్ల రంగులు పొరలు పొరలుగా ఉన్నాయి. పాత ఎనామెల్ పెయింట్లలో సీసం ఉండేది కాబట్టి అదీ తీసెయ్యాలి. వైరింగ్ పైపులు, బాత్రూమ్ టైల్స్, చెదమందు కొట్టిన గుమ్మాల దగ్గరి మట్టి, అన్నీ పోగా స్లాబు, బీముల కాంక్రీటు మిగిలింది. దాంట్లోంచి సలాక కోసి తుక్కువాడికి వేశాం.

మేస్త్రిది పాలమూరు. ఇద్దరు మనుషుల్ని పెట్టి సుత్తెలతో ఇరవై మిల్లీమీటర్ల కంకర కొట్టించాడు. రెండు రోజులకి ఆరు సంచులు. "సార్, గీ కూలి పైసలకు కొత్త కంకర ట్రాలీ ఆటో నిండ వస్తుండె," అన్నాడు. నిజమే. జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ కూల్చివేత వ్యర్థాల్ని మెషీన్లతో ఆడించే ప్లాంట్లున్నాయి. తెలివైనవాడెవడైనా అక్కణ్నుంచి తెచ్చుకుంటాడు. నాకు మా స్లాబే కావాలి.

జనవరి 18

ఈరోజు మూడ్ బాగోలేదు. కంకర, ఇసుకల మీద మన దేశపు ప్రమాణాల కోడ్ ఐఎస్ 383 తీసి చూశాను. 2016 సవరణ ప్రకారం పాత కాంక్రీటు కంకరని ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం దాకే వాడొచ్చు. ఇనుముంటే 20 శాతం. నూటికి నూరూ వాడేది పునాది కింద వేసే బెడ్ లాంటి బలం లేని పనులకే. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ఏమో సముద్రపు నీళ్లలో ఉండే కాంక్రీటు ఇనుము లేకపోయినా కనీసం ఎం20 (చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకునేది) ఉండాలంటుంది, ఇనుముంటే ఎం30. రోజూ ఆఫీసులో నేనే ఈ కోడ్‌లు చూపించి సైట్ ఇంజనీర్లతో పోట్లాడతాను. ఇప్పుడు నాకు నేనే అడ్డం పడ్డాను.

లెక్క వేస్తే ఒక్కో దిమ్మకి కంకర 54 కిలోలు, అందులో మా ఇంటిది పదమూడున్నర. ఎనిమిది దిమ్మలకి 110 కిలోలు దాటదు. కూలిన స్లాబు ఒక్కటే ముప్పై టన్నులుంటుంది.

మా ఆవిడ అడిగింది, "అయితే ఇది రీసైక్లింగ్ ఎలా అవుతుంది?" సమాధానం లేదు. పడుకున్నాను.

జనవరి 25

కోడ్ అబద్ధం చెబుతోందేమో చూద్దామని బలం పరీక్షించే కాంక్రీటు క్యూబులు రెండు రకాలు పోశాను, ఒకటి 25 శాతంతో, ఇంకోటి నూరు శాతంతో. పాత కంకరకి అంటుకున్న మాల్ స్పాంజి లాగా నీళ్లు తాగేస్తుంది. నూరు శాతం మిక్చర్ పది నిమిషాల్లోనే బిగుసుకుపోయి తాపీకి లొంగలేదు. ముందురోజే కంకర నానబెట్టి, పైతడి ఆరాక వాడాలట. 25 శాతందాన్ని అలాగే నానబెట్టి చేశాను, హాయిగా కలిసింది.

ఫిబ్రవరి 1

మూస తయారైంది. ఇక్కడ మాత్రం రీసైక్లింగ్ మనసారా జరిగింది. రసాయనాల కంపెనీల నుంచి వచ్చే రెండొందల లీటర్ల నీలం డ్రమ్ములు ఉప్పల్ తుక్కు కొట్లో దొరుకుతాయి. నేను మాత్రం పండ్లరసం గుజ్జు వచ్చిన డ్రమ్మే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను. పదహారు అంగుళాల ఎత్తుకి కోసి, నిలువుగా రెండు చెక్కలు చేసి, బోల్టులతో బిగించేలా పెట్టాను. లోపలి బోలుకి మా ఆవిడ మూడేళ్ల క్రితం కొని మూడుసార్లు వాడిన జిమ్ బాల్. గాలి సగం నింపితే పద్దెనిమిది అంగుళాలకి వస్తుంది. కాంక్రీటు బిగిశాక గాలి తీసేస్తే ముడుచుకుని బయటికొస్తుంది. అమెరికా వాళ్ల రీఫ్ బాల్ పద్ధతి ఇదే, లోపల గాలి బుడగ పెట్టి పోస్తారు. చేప దూరే కన్నాల కోసం లీటరు వాటర్ బాటిళ్లు, బాలుకీ డ్రమ్ముకీ మధ్య ఇరికించాలి.

సెంట్రింగ్‌కి పూసినట్టే కాలిన ఇంజనాయిల్ పూద్దామన్నాడు మేస్త్రి. అది చివరికి చెరువులోకి చేరుతుంది. సంక్రాంతి సకినాలు కాల్చగా మిగిలిన నూనె బాలుకి పూశాం.

ఫిబ్రవరి 8

ఘోరం జరిగింది.

డ్రమ్ములో సగం దాకా కాంక్రీటు బాగానే పడింది. ముప్పావుకి వచ్చేసరికి బాల్ కదిలింది. మావాడు తొమ్మిదో తరగతి, "నాన్నా, పైకొస్తోంది!" అని అరుస్తూ రెండు చేతులతో అదిమాడు. ఆగుతుందా? బుడుంగున పైకి తేలి, పక్కకి దొర్లి, టెర్రస్ మీద మేస్త్రి టీ గ్లాసుని తన్నేసింది. డ్రమ్ములో మిగిలింది గుంటపడ్డ ముద్ద.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. తడి కాంక్రీటు నీళ్లకన్నా రెండింతలకి పైగా బరువు. దాన్లో దాదాపుగా మునిగిన ఆ బాల్ మీద పైకి తోసే బలం 110 కిలోలు. ఆర్కిమెడీస్ ఎనిమిదో తరగతిలోనే చెప్పాడు, మనం వినలేదు. పిల్లవాడి బలంతో అదిమితే ఆగేది కాదది.

ఫిబ్రవరి 15

అడుగున చెక్క పలక, పైన వెదురు బద్ద అడ్డంగా, రెంటికీ నైలాను తాడు బిగించి బాల్‌ని కట్టిపడేశాం. కాంక్రీటు కూడా ఒకేసారి కుమ్మరించకుండా మూడు దఫాలు, ప్రతి దఫాకీ చుట్టూ కడ్డీతో పొడుస్తూ. బాల్ కదల్లేదు.

సిమెంటు స్లాగ్ రకం, ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో మిగిలే చిట్టెం పొడి కలిసింది. ఉప్పునీళ్లకి మామూలుదానికన్నా బాగా ఆగుతుంది. ఇసుక బదులు రోబో శాండ్. ఇనుము లేదు. మేస్త్రికి ఇది మింగుడుపడలేదు. "సలాక లేకుంటే పలుగుతది సార్, నా మాట ఇను." సముద్రపు ఉప్పు సిమెంటులోంచి దిగి ఇనుముని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి చీలుస్తుంది, దీని మీద వాహనాలేమీ నడవవు కదా అని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ, మధ్యాహ్నం బీడీ కాల్చుకుంటూ ఆ దిమ్మ వంక చూసిన చూపులో నమ్మకం లేదు.

ఫిబ్రవరి 16

మూస విప్పాం. బాల్ గాలి తీస్తే బుస్సున ముడుచుకుంది. మంచి ఆకారం. అయితే బయటి ముఖం గాజులా నున్నగా ఉంది. ఆలిచిప్ప పిల్లకి, నాచుకి పట్టు దొరకాలంటే గరుకుండాలి.

ఈసారి సలహా మేస్త్రిదే. పాతకాలం డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ వేసేవాళ్లు కదా, సిమెంటుకి బెల్లం తగిలితే గట్టిపడదని వాళ్ల నాయన అనేవాడట. సరిగ్గా మనకి కావలసింది అదే! డ్రమ్ము లోపలి గోడకి బెల్లం పాకం పూస్తే, పైపొర ఒక్కటే బిగియకుండా ఉండిపోతుంది. మర్నాడు నీళ్లతో కొడితే మాల్ కొట్టుకుపోయి కంకర బయటపడుతుంది.

ఫిబ్రవరి 22

పాకం ఎక్కువైంది. అరిసెల పాకమంత చిక్కగా పూశాను. మూస విప్పగానే రెండు సెంటీమీటర్ల మందాన పెచ్చు అమాంతం జారి కిందపడింది. టెర్రస్ నిండా చీమలు. కింది ఫ్లోర్ ఆంటీ మెట్లెక్కి వచ్చి, "బాబూ, పైన స్వీట్ షాపు పెడుతున్నారా?" అని అడిగింది.

మార్చి 1

ఒక గ్లాసు నీళ్లకి చెంచాడు బెల్లం, కుంచెతో ఒక్క పూత. పొద్దున పైపుతో కొడితే మూడు నాలుగు మిల్లీమీటర్లు కొట్టుకుపోయి నల్ల కంకర మధ్య మా ఇంటి కంకర తెల్లగా తేలింది. చెయ్యి పెడితే గీసుకుంటోంది. ఇదే కావాలి.

దిమ్మ బరువు 105 కిలోలు. నీళ్లలో మునిగితే 60కి అటూ ఇటూ.

ఫోటో బావగారికి పంపితే వాయిస్ మెసేజ్ వచ్చింది, ముందంతా నవ్వు. "ఏందయ్యా ఆ కన్నాలు? ఎనిమిది సెంటీమీటర్ల కన్నంలో మండపీత ఎట్టా దూరుద్ది? అదేమన్నా రొయ్యా?"

నిజమే కదా. పెద్ద పీత పెంకే జానెడుంటుంది. ఇకనుంచి ఒక్కో దిమ్మకి నాలుగు లీటరు బాటిళ్లు, మూడు ఐదు లీటర్ల క్యాన్లు. చిన్న కన్నం పిల్లలకి, పెద్దది పెద్దవాటికి. పెద్దది దూరలేని కన్నం లేకపోతే పిల్లకి రక్షణ ఎక్కడిది?

మార్చి 22

పది పోస్తే ఎనిమిది నిలిచాయి. ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే స్నేహితుడి ల్యాబ్‌లో క్యూబులు నొక్కించాం. 25 శాతంది చదరపు మిల్లీమీటరుకి 24 న్యూటన్లు, నూరు శాతంది 17. కోడ్ రాసినవాళ్లకి మనసులో దండం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 5

ఎండ నలభైకి చేరింది. గోనె సంచులు కప్పి రోజుకి నాలుగుసార్లు తడుపుతున్నాం. వాటర్ ట్యాంకర్ ఖర్చు సిమెంటు ఖర్చుని దాటింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నా గురించి ఒక పోస్టు పడింది, పేరు రాయకుండా.

ఏప్రిల్ 19

బావగారి అసలు భయం పీహెచ్, అంటే నీళ్లలో పులుపెంతో క్షారమెంతో చెప్పే అంకె. చెరువు నీళ్లు ఏడున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య ఉండాలి, దాటితే ఆయనకి నిద్రపట్టదు. కొత్త కాంక్రీటు వదిలే సున్నంతో నీళ్లు పన్నెండు దాకా పోతాయి. ఒక దిమ్మని తొట్టిలో ముంచి పట్టీతో చూస్తే పన్నెండే వచ్చింది. వారం వారం నీళ్లు మారుస్తున్నాను. ఈరోజు పదిన్నర. నీళ్ల మీద తెల్లటి మీగడ కడుతోంది, అది సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిగా మారడం.

ఆ నీళ్లు వృథా ఎందుకని కరివేపాకు కుండీలో పోశాను. చెట్టు పసుపెక్కి ఆకులు రాల్చేసింది. మా ఆవిడ జిమ్ బాల్‌ని క్షమించింది గానీ దీన్ని క్షమించలేదు.

మే 4

పీహెచ్ తొమ్మిది దగ్గర ఆగింది. తొట్టి నీళ్లు కొంచెం, చెరువు ఎకరంన్నర, పర్లేదు. అయినా ఇంకో రెండు వారాలు నాననిస్తున్నాను.

ఈలోగా సముద్రం సంగతి కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన ఓపిగ్గా విని, "ఏ స్కీము కింద?" అన్నాడు. సొంతంగా అన్నాను. పెన్ను కింద పెట్టేశాడు. బయటికొచ్చాక కోపం వచ్చింది, బస్సెక్కాక పోయింది. పది మంది నాలాంటివాళ్లు తలా ఓ పది దిమ్మలు తోచినచోట పడేస్తే ఏమవుతుంది? వల చిరుగుతుంది, పడవ తగులుతుంది, తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చోటు ఎంచే ముందు అడుగున ఇసుకా బురదా చూస్తారు, లోతు, ప్రవాహం చూస్తారు, ఊళ్లో వేటగాళ్లని అడుగుతారు. తూత్తుకుడి దగ్గర వాన్ దీవి కోతకి కరిగిపోతుంటే చుట్టూ కాంక్రీటు దిమ్మలు దింపారు, అదీ ఏళ్ల తరబడి కొలతలు తీసి చేసిన పనే.

మే 17

డీసీఎం వ్యాను మాట్లాడుకుని రాత్రి బయల్దేరాం. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. దిమ్మల మధ్య గడ్డి, పాత పరుపు ముక్కలు కూరాం. ఒకదానికి అంచు విరిగింది, అంతే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఇసుకలో పడుకునున్నాయి, కుర్రాళ్లు ఖాళీ. వెదురుబొంగుకి తాడు కట్టి, ఒక్కోటీ నలుగురు మోసి చెరువులో దింపారు. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, నలభయ్యేళ్లు తెప్ప మీద వేటకెళ్లినాయన, అంతా చూసి నన్నడిగాడు. "ఇట్టాంటియ్యి సముద్రంలో ఏత్తే చేప కొత్తగా పెరుగుద్దా బాబూ, లేకపోతే చుట్టుపక్కల చేపంతా ఒక్కకాడికొచ్చి తేలిగ్గా దొరికిపోద్దా?"

శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇదే. రెండూ జరుగుతాయి, అక్కడ ఎంత వేటాడతారనే దాన్నిబట్టి ఉంటుందన్నాను. "ఆడకుండా ఉంటారా?" అని నవ్వాడు.

ఇంకో మాట కూడా ఆయనే అన్నాడు. ఈ దిమ్మలు ఇక్కడి సముద్రంలో వేస్తే దిగబడతాయట. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు అడుగంతా మెత్తగా ఉంటుంది. వేస్తే విశాఖ వైపు, గట్టి నేల చూసుకుని వెయ్యాలన్నాడు.

సాయంత్రం బావగారి ఫోన్‌కి అలల ఎత్తు హెచ్చరిక వచ్చింది. అది పంపేది ఇన్‌కాయిస్, 1999లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, ఉండేది హైదరాబాద్ ప్రగతినగర్‌లో. "చూశావా, మా సముద్రం ఎట్టా ఉందో మీ ఊరోళ్లు చెప్తేనే మాకు తెలిసేది. నువ్వొచ్చి పీతలకి ఇల్లు కట్టడంలో వింతేముంది?" అన్నారు బావగారు. టైర్లు మాత్రం ఇంకా తియ్యలేదు.

జూన్ 8

పోటు నీళ్లు వచ్చే కాలవలో జానెడు పలకలు రెండు వేలాడదీసి వచ్చాను, ఒకటి నున్నది, ఒకటి బెల్లం కొట్టింది. బావగారు ఫోటోలు పంపారు. బెల్లం పలక మీద పచ్చటి జిగురు పొర, మధ్యలో ఆవగింజలంత తెల్లటి బార్నకిల్స్ (రాళ్లకి అతుక్కుని బతికే పెంకు జీవులు), లెక్కపెడితే నలభై ఒకటి. నున్నదాని మీద ఆరు. మేస్త్రికి ఫోన్ చేసి చెప్పాను. "మా నాయన జెప్పిండు గద," అన్నాడు.

చెరువు పీహెచ్ ఎనిమిది పాయింట్ రెండు. బావగారు నిద్రపోతున్నారు.

జూలై 6

నీళ్లు తగ్గించినప్పుడు చూశారట. పెద్ద కన్నాల్లో పీతలున్నాయి, రెండు దిమ్మల లోపల విడిచిన పెంకులు దొరికాయి. మెత్తటి పీత బతికి బయటపడిందో, లోపలే ఎవరికైనా ఆహారమైందో మాత్రం పెంకు చెప్పదు. నాలుగు టైర్లలో రెండు తీసి గట్టు మీద పడేశారు. మిగతా రెండూ పీతల పట్టుబడి అయ్యాక చూద్దామంటున్నారు.

ఇబ్బంది ఒకటే, కాలవ దగ్గరి మూడు దిమ్మలు బురదలో నాలుగంగుళాలు దిగబడి, కింది వరస కన్నాలు పూడిపోయాయి. పెద్దాయన మాటే నిజమైంది. అడుగున వెడల్పాటి పళ్లెం కావాలి, ఎనభై సెంటీమీటర్లది. దానికి మూసగా పాత కారు చక్రం రిమ్ములు సరిపోవు, చిన్నవి. లారీ తుక్కు దొరికే చోట ఏవైనా పెద్ద మూతలున్నాయేమో ఈ ఆదివారం వెళ్లి చూడాలి. స్లాబు కంకర ఇంకా మూడు సంచులుంది.